ఊడుపు పాటను ఇంటి కంప్యూటర్‌లో డ్యాన్స్ రీమిక్స్ చేస్తుంటే లయ, శృతి కుదరడం లేదు

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మా మేనత్తా, ఆమెతోపాటు ఊడుపులకు వెళ్లే మరికొందరు స్త్రీలూ పాడే పాటను ఫోనులో రికార్డు చేశాను. సంక్రాంతికి మా వీధిలో డీజే పెట్టినప్పుడు అందరూ ఆడేలా దాన్ని రీమిక్స్ చేయాలని ఉంది. నా దగ్గర 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, సంగీతం కూర్చే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ప్రాజెక్టు వేగం నిమిషానికి 128 దెబ్బలు పెట్టి కిక్ (డ్రమ్ముల్లోని బరువైన దెబ్బ) వేస్తే మొదటి రెండు పాదాల వరకు కలిసినట్లే ఉండి, ఆ తరువాత గొంతు ఒక దారి, దెబ్బ ఒక దారి అయిపోతున్నాయి. పాటను 128కి సరిపడేలా కుదిస్తే గొంతులు సహజత్వం కోల్పోయి గరగరమంటున్నాయి. పైగా సింథసైజర్‌తో ఏ కీలో కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వాయించినా పాటకు అతకడం లేదు. లోపం రికార్డింగులో ఉందా, నా పద్ధతిలో ఉందా?

రికార్డిస్టు (రాయగడ):

మహేంద్రతనయ గారూ, పాటలో లోపమేమీ లేదు. 128 అన్న అంకెను ముందే ఖాయం చేసుకోవడం వల్లనే చిక్కంతా వచ్చింది. హౌస్ సంగీతం నిమిషానికి 120 నుంచి 130 దెబ్బల వేగంతో నడుస్తుంది కనుక నేర్పేవాళ్లు చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఊడుపు పాటకు వేగాన్నిచ్చేది నారు నాటే చేయి. పని ఊపందుకున్న కొద్దీ పాట కూడా కాస్త ముందుకు తోసుకుపోతుంది. రికార్డింగు వింటూ ట్యాప్ టెంపో (తట్టే వేగాన్ని లెక్కగట్టే బటన్) మీద తాళం వేసి, ఎత్తుగడ వేగమెంతో, చివరి చరణం వేగమెంతో విడివిడిగా రాసుకోండి. అది 96 దగ్గర మొదలై 104 దగ్గర ముగిసిందనుకుందాం. 96ను 128 చేయడమంటే వేగాన్ని మూడో వంతు పెంచడం. అంత మార్పును ఏ గొంతూ తట్టుకోలేదు. ప్రాజెక్టు వేగాన్నే 96 నుంచి 104 దాకా మెల్లగా పెంచుకుంటూ పోతే, గొంతును అసలు ముట్టుకోనక్కరలేదు.

అంతకన్నా ముఖ్యమైనది గతి. మన వైపు పాడే ఇటువంటి పాటల్లో చాలా తిశ్రగతివి. అంటే ఒక్కో దెబ్బ మూడుగా విరుగుతుంది. సాఫ్ట్‌వేర్ గ్రిడ్ (కాలాన్ని విభజించే గీతలు) మాత్రం, మనం మార్చకపోతే, ప్రతి దెబ్బనూ నాలుగుగానే విరుస్తుంది. వేగం 100 అనుకుంటే ఒక దెబ్బ 600 మిల్లీసెకన్లు. తిశ్రంలో ఒక్కో భాగం 200, చతురశ్రంలో 150. పాటలోని మాట 200 దగ్గర పడుతూ హై హ్యాట్ (డ్రమ్ముల్లోని చిన్న తాళాలు) 150 దగ్గర మోగితే, కిక్ ఎంత సరిగా పడినా వినేవారికి తడబాటే తెలుస్తుంది. పియానో రోల్‌లో (స్వరాలు రాసే తెరలో) స్నాప్‌ను, అంటే స్వరాలు అతుక్కునే గీతల దూరాన్ని, బీటులో మూడో వంతుకు మార్చి, హై హ్యాట్‌నూ డప్పునూ ఆ గీతల మీద రాయండి. కిక్ మాత్రం ప్రతి దెబ్బకూ యథావిధిగా పడనివ్వండి. తిశ్రానికి అడుగు పడదేమోనన్న అనుమానం అక్కరలేదు, తీన్‌మార్ వినిపిస్తే నిలబడి ఉన్నవాడు కూడా ఊగుతాడు కదా.

బాక్సుల వాడు (పాతపట్నం):

గతి గురించి రికార్డిస్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. వేగాన్ని పాట వెంట నడిపించమన్న సలహాను మాత్రం నేను ఒప్పుకోలేను. మీ పాటకు ముందు ఒక పాట, తరువాత ఒక పాట ఉంటాయి. డీజే ఒకదానిలోంచి మరొకదానిలోకి దాటేటప్పుడు రెండింటి వేగాలూ నిలకడగా ఉండాలి. 96 నుంచి 104కి జారుతూ పోయే పాటను కలపడం కష్టం, ఆడుతున్నవారి కాలు కూడా తప్పుతుంది. ప్రాజెక్టును 100 దగ్గర స్థిరంగా ఉంచండి. అప్పుడు గొంతును ఎక్కడా నూటికి నాలుగైదు పాళ్లకు మించి సవరించనక్కరలేదు కనుక ఆ మార్పు చెవికి దాదాపుగా తెలియదు. ప్రతి పాదంలో తాళం పడే మొదటి అక్షరాన్ని మాత్రమే గీత మీదికి తెచ్చి, తక్కిన అక్షరాలను వాటి మానాన వదిలేయండి. అక్షరాలన్నింటినీ గ్రిడ్‌కు అంటిస్తే ఆ పాడేది మీ మేనత్త అని ఎవరూ గుర్తుపట్టరు.

మొదట్లో 16 బార్లు (బారుకు నాలుగు దెబ్బలు) గొంతు లేకుండా డప్పు, కిక్ మాత్రమే ఉంచండి. 100 వేగంలో అది సుమారు 38 సెకన్లు; డీజేకి కలుపుకోవడానికి ఆ వ్యవధి చాలు. గొంతులు తమ సహజ వేగంలో వినబడాలనుకుంటే, మధ్యలో వాద్యాలన్నీ ఆపి ఒక పాదాన్ని వట్టిగా పాడించి, మళ్లీ కిక్ దింపండి.

శృతిపెట్టె (బరంపురం):

కార్డ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. పొలంలో శృతిపెట్టె ఉండదు. వారి ఆధార షడ్జమం హార్మోనియం మెట్ల మీదే పడాలన్న నియమమేదీ లేదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో నిలిచి ఉంటుంది. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. వారి షడ్జమం ఒక మెట్టుకు 40 సెంట్లు పైన ఉంటే, మీరు పన్నెండు కీలూ తిరిగినా కలవదు. పాదం చివర సాగదీసిన అక్షరాన్ని ట్యూనర్‌కు వినిపించి తేడా తెలుసుకుని, సింథసైజర్లన్నింటినీ ఆ మేరకు పైకి జరపండి. గొంతును మాత్రం పిచ్ కరెక్షన్‌తో (శృతిని యంత్రంతో సరిచేసే సాధనంతో) దిద్దకండి. అందరి గొంతుల మధ్య ఉండే ఆ కొద్దిపాటి తేడాయే బృందగానానికి నిండుదనం ఇస్తుంది.

నాలుగైదు స్వరాల్లో తిరిగే పాటకు బారుకొక కార్డ్ మార్చడం కూడా నాకు నచ్చదు. బేస్‌ను షడ్జమం మీదే నిలిపి, అవసరమైనచోట పంచమం తాకించి, ఫిల్టర్‌ను (పై ధ్వనులను తగ్గించే సాధనాన్ని) మెల్లగా తెరుస్తూ మూస్తూ పోతే పాట కదులుతున్నట్లే ఉంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మీ అందరికీ కృతజ్ఞతలు. వేగం 100 దగ్గర స్థిరంగా ఉంచి, స్నాప్ మార్చగానే రెండో చరణం కూడా దెబ్బ మీదికి వచ్చింది. సింథసైజర్‌ను 30 సెంట్లు పైకి జరపాల్సి వచ్చింది. ఇంకా రెండు సందేహాలున్నాయి. హెడ్‌ఫోన్స్‌లో బాగున్న బేస్ పెద్ద బాక్సుల్లో ఎలా ఉంటుందో తెలుసుకునే దారి ఉందా? యూట్యూబ్‌లో పెడితే హక్కుల చిక్కేమైనా వస్తుందా?

రికార్డిస్టు (రాయగడ):

మిక్స్‌ను ఒకసారి మోనోలో (కుడి ఎడమలు కలిపి ఒకే ధ్వనిగా) వినండి. పెద్ద సెట్లలో సబ్ వూఫర్లకు తరచూ మోనోయే వెళుతుంది. స్టీరియోలో వెడల్పుగా పరచిన బేస్ అక్కడ తనను తాను కొట్టేసుకుని మాయమైపోవచ్చు. 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మధ్యలోనే ఉంచండి. ఆడగొంతులకు ఆ కింద పని లేదు కనుక అక్కడ లో కట్ (కింది ధ్వనులను తీసేసే ఫిల్టర్) పెడితే ఫోనులో పడ్డ గాలి శబ్దం కూడా పోతుంది. కిక్ పడినప్పుడల్లా బేస్ ఒక క్షణం తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి.

హక్కుల విషయానికొస్తే, తరతరాలుగా పాడుకుంటున్న పాట ఎవరి సొత్తూ కాదు. అయితే 1957 నాటి కాపీరైట్ చట్టం పాడినవారికి 50 ఏళ్ల పాటు ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. కనుక మేనత్త గారి ఒక్కరి మాటతో సరిపెట్టకుండా, పాడిన వారందరి దగ్గరా అనుమతి కాగితం తీసుకుని, పేర్లు వేయడం వారికి ఇష్టమో కాదో కూడా అడగండి.

బాక్సుల వాడు (పాతపట్నం):

ఫైలు 16 బిట్ వేవ్ రూపంలో ఇవ్వండి, వాట్సాప్‌లో పంపవద్దు. రాత్రి 10 తరువాత బాక్సులు మోగించడానికి శబ్ద కాలుష్య నియమాలు ఒప్పుకోవు కనుక, ఈ పాటను సాయంత్రం జనం కూడిన వేళకే పెట్టుకోండి.