సమస్య: బొమ్మ చచ్చి మరల పోరు సలిపె

నిర్వాహకుడు: పోయిన ఆదివారం కొర్లగుంటలో మా స్నేహితుడి ఇంటికి వెళ్లాను. చాలా ఏళ్లుగా మేము బల్ల మీద బొమ్మ సైనికులతో ట్యాంకుల యుద్ధాలే ఆడుతున్నాం. ఈసారి వాడు మైసూరు యుద్ధాల పెట్టె దించాడు. భోజనాల బల్ల మీద పచ్చ దుప్పటి, గుట్టల కోసం దాని కింద నాలుగు లావుపాటి పుస్తకాలు, చేతిలో టేపు, పాచికలు. చచ్చిన సిపాయి బొమ్మల్ని వాడు స్టీలు పళ్లెంలో వేస్తాడు. రెండో ఆటకు ఆ పళ్లెంలోంచే ఏరి నిలబెడుతుంటే ఈ పాదం నోట్లోకి వచ్చింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించడం ఇక మీ వంతు.

కొర్లగుంట తమ్ముడు:

అటక మీద నున్న యట్ట పెట్టెను దింప
రంగు రాలినట్టి రౌతు దొరికె
కాలు విరుగ దాని గమ్ముతో నతికింప
బొమ్మ చచ్చి మరల పోరు సలిపె

చంద్రగిరి: తమ్ముడూ, రెండో పాదం చదవగానే ఆ గుర్రపురౌతు నా కళ్లముందు నిలబడ్డాడు. కానీ కాలు విరగడం చావు కాదు కదా. 'చచ్చి'కి ఇంకాస్త గట్టి కారణం కావాలి.

చిత్తూరు అక్క:

బైలి వెంట నాడు పడె పొల్లిలూరులో
కూటు దండులోన గూడి నిలిచె
ఏడు తిరుగకుండ నెర్ర కోటదె తొడ్గి
బొమ్మ చచ్చి మరల పోరు సలిపె

నిర్వాహకుడు: అక్కా, చేతులెత్తి దండం పెడుతున్నాను! 1780 సెప్టెంబరు 10న ఇంగ్లీషు సేనాని బైలీ పటాలం కంచి దగ్గరి పొల్లిలూరులో తుడిచిపెట్టుకుపోయింది. 1781 ఆగస్టు 27న ఇంకో ఇంగ్లీషు సేనాని కూట్ మళ్లీ ఆ నేల మీదే హైదరలీతో తలపడ్డాడు. బల్ల మీద రెండు పటాలాలకూ మా దగ్గరున్నవి ఆ ఎర్రకోటు బొమ్మలే. మొదటి ఆటలో మందుగుండు బండి పేలిపోయి పళ్లెంలోకి వెళ్లినవాడే రెండో ఆటలో కూట్ పక్కన నిలబడ్డాడు. సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు ఈ విరుపు.

పాకాల మాస్టారు: విరుపు బాగుందమ్మా, కాదనను. 'తొడ్గి' మాత్రం గొంతులో ముల్లులా ఉంది. 'తొడిగి'ని అంతలా నొక్కేయాలా? 'వేసి' అంటే సరిపోయేది.

చిత్తూరు అక్క: సరిచేస్తాను మాస్టారూ, 'నెర్ర కోటదె వేసి'. మీ పూరణ ఏది?

పాకాల మాస్టారు: మన గడ్డ మీది యుద్ధాన్ని వదిలి అందరూ కంచి వైపు పరిగెత్తితే ఎట్లా? 1740లో ఆర్కాటు నవాబు పడిపోయింది మా ఊరి పక్కనే.

దారి కాచె నాడు దామలచెర్వులో
వెనుక నుండి వచ్చి విరుచుకపడె
ఆరు పడిన వెంట నాయువు చేకూరి
బొమ్మ చచ్చి మరల పోరు సలిపె

చంద్రగిరి: కాచింది ఎవరు, విరుచుకపడింది ఎవరు? కర్త లేడు మాస్టారూ. అక్క పద్యంలో ఒక్క అక్షరం పట్టుకున్నారు, మీ పద్యంలో నవాబే మాయమయ్యాడు. ఉగాది పూరణలోనూ ఇంతే. 'పెట్టె తెరిచి చూడ గుర్రమే కనిపించె' అని యతిని, అంటే పాదంలో కుదరాల్సిన అక్షరాల జతను, గాలికి వదిలేశారు.

పాకాల మాస్టారు: ఆ పాదం చివరను ఆ రాత్రే 'వెలవెల రౌతులు' అని మార్చాను, నువ్వు చూడలేదు. అయినా ఉగాది నాటిది ఇప్పుడెందుకు తవ్వుతావు సామీ?

కొర్లగుంట తమ్ముడు: 'ఆరు పడిన వెంట' మాత్రం ఆడినవాళ్లకే తెలుస్తుంది. ఆ పాచిక దొర్లి ఆగేదాకా బల్ల చుట్టూ ఎవరూ ఊపిరి పీల్చరు. అంత టెన్షన్!

నిర్వాహకుడు: నిజం. మా ఇంటి ఆటలో ఆరు పడితే చెదిరిన దళం మళ్లీ కూడుతుంది. మాస్టారూ, ఆ పాదాన్ని ముట్టుకోకండి. పైరెండూ చూడండి చాలు.

పాకాల మాస్టారు: చంద్రగిరి అడిగింది న్యాయమే. నవాబు దోస్త్ అలీ, వెనుక నుంచి వచ్చింది రఘూజీ భోంస్లే మరాఠాలు. ఇదిగో:

దారి కాచె దోస్తు దామలచెర్వులో
రఘుజి సేన వెనుక రాజుకొనియె
ఆరు పడిన వెంట నాయువు చేకూరి
బొమ్మ చచ్చి మరల పోరు సలిపె

చంద్రగిరి: 'దోస్తు'! నవాబూ వాడే, బల్ల అవతల కూర్చున్న స్నేహితుడూ వాడే. ఇది ముందే రాసి ఉంటే నేను నోరెత్తేవాణ్ని కాదు మాస్టారూ. 'రాజుకొనియె' ఇంకా బాగుంది.

నిర్వాహకుడు: వచ్చే ఆదివారం దామలచెరువు కనుమే వేద్దామంటున్నాడు మా వాడు. మరాఠా గుర్రాలు పన్నెండు తక్కువ ఉన్నాయి. మాస్టారూ, మీ దగ్గరున్న పాతవి తీసుకొని పొద్దున్నే బస్సెక్కండి. మధ్యాహ్నం భోజనం ఇక్కడే.