‘సిట్-ఇన్’ అంటే ‘బైఠాయింపు’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల పత్రికకి గ్రీన్స్‌బరో విద్యార్థుల గురించి రాస్తున్నాను. 1960 ఫిబ్రవరి 1న, అమెరికాలోని నార్త్ కరొలైనాలో, నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్లు ఊల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే కేటాయించిన లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వం, వెళ్లండన్నారు. కొట్టు కట్టేసేదాకా వాళ్లు లేవలేదు. దీన్నే సిట్-ఇన్ అంటారు. ‘బైఠాయించారు’ అని రాశాను గానీ మనసొప్పడం లేదు. మీరేమంటారు?

— అదే ఉంచెయ్యండమ్మా. ‘కలెక్టరేట్ ఎదుట బైఠాయింపు’ అని పేపర్లో రోజూ చూస్తూనే ఉంటాం, పిల్లలకీ అర్థమవుతుంది. కాదంటే ధర్నా ఉండనే ఉంది. అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మం ముందు అన్నం మానేసి కూర్చోవడమే ఒకప్పటి ధర్నా. తనకి రావలసింది తాను అడగడం కాబట్టి ఇదీ పనికొస్తుంది.

— మాస్టారూ, బాకీ పోలిక బాగుంది. కానీ రోడ్డు మీద బైఠాయించారంటే బస్సులు ఆగాలి, ఆఫీసు ముందు బైఠాయిస్తే లోపలికెవరూ పోకూడదు. అడ్డుకోవడం ఆ మాటలోనే ఉంది. అదే నెలలో నాష్‌విల్ అనే ఇంకో అమెరికా ఊళ్లోనూ విద్యార్థులు ఇలాగే కూర్చున్నారు. జాన్ లూయీస్, బెర్నార్డ్ లాఫయెట్ అనే ఇద్దరు విద్యార్థులు వాళ్లకోసం ఒక నియమాల కాగితం తయారుచేశారు. కొట్టినా తిట్టినా తిరగబడొద్దు, నిటారుగా కౌంటర్ వైపే తిరిగి కూర్చోండి, అందరితో మర్యాదగా ఉండండి అంటుంది. దుకాణం గుమ్మానికి గానీ లోపల నడిచే దారికి గానీ అడ్డుపడొద్దు అని కూడా ఉంది! అడ్డం పడొద్దని రాసుకున్న పిల్లల పనికి అడ్డం పడే మాట ఎలా పెట్టను?

వాళ్లకి తర్ఫీదు ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు నాగ్‌పూర్‌లో ఉండి గాంధీ పద్ధతి చదువుకుని వెళ్లినాయన. కొందరు తిట్టేవాళ్లుగా, కుర్చీ లాగేసేవాళ్లుగా నటిస్తుంటే మిగతావాళ్లు చెయ్యెత్తకుండా ఉండటం సాధన చేసేవారు. ఇరవై ఏళ్ల పిల్లలు! ఆ సాధన తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

— అయితే సత్యాగ్రహం అనండి.

— ఉద్యమానికి ఆ పేరు సరిపోతుందండీ. కానీ ఆ స్టూలు మీద కూర్చోవడం అందులో కనబడదు. గ్రీన్స్‌బరో కుర్రాళ్లు ముందు అదే కొట్లో టూత్‌పేస్టు లాంటివి కొని రసీదులు దగ్గర పెట్టుకున్నారు. అక్కడ చెల్లిన డబ్బు నాలుగడుగుల అవతల కప్పు కాఫీకి చెల్లలేదు. కొనుక్కోవచ్చు, కూర్చోకూడదు.

— ఇప్పుడు అర్థమైందమ్మా. మనవాళ్లు భోజనాల బంతిలో వలపక్షం పాపమంటారు. ఇది వలపక్షం కూడా కాదు, బంతిలోకే రానివ్వకపోవడం. ఆ మాట వాడండి, మన పిల్లలకి వేరే వివరణ అక్కర్లేదు. ‘బైఠాయింపు’ నేను వెనక్కి తీసుకుంటున్నాను.

— ధన్యవాదాలు మాస్టారూ. సిట్-ఇన్ అన్న పేరు ఒక్కసారి చెప్పి, తర్వాత మామూలు క్రియే వాడాను. ఇలా మార్చాను: ‘తెల్లవాళ్ల బంతిలో చోటు లేదన్నారు. నలుగురూ వెళ్లి కూర్చున్నారు. కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. మర్నాడు ఇరవైమందికి పైగా వచ్చి కూర్చున్నారు.’