లినక్స్ మీటప్‌కి బీటెక్ పిల్లలు తప్ప ఎవరూ రావట్లేదు, ఎవరి ద్వారా వెళ్లాలి?

అమీర్‌పేటలో నెలనెలా రెండో ఆదివారం ఉదయం పదిన్నరకి మేం కొందరం ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) మీటప్ పెడుతున్నాం. పాత లాప్‌టాప్ తెచ్చినవాళ్లకి ఫైళ్లు బ్యాకప్ తీసి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) తెలుగు టైప్ చేయడం చూపించి పంపుతాం. డబ్బులేమీ తీసుకోం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) ఆగిపోయింది కదా, చిన్న షాపులవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు వస్తారనుకున్నాం. వచ్చేది మాత్రం బీటెక్ పిల్లలే. అందులోనూ సగం మంది "సర్టిఫికెట్ ఇస్తారా అన్నా?" అంటారు. వాళ్లు రావడం మంచిదే, కాకపోతే వాళ్లకి యూట్యూబ్ చాలు.

ఇప్పటిదాకా చేసినవి: మొదట మాదాపూర్‌లో ఒక ఆఫీసు హాల్లో పెట్టేవాళ్లం. గేటు దగ్గర ఐడీ కార్డులు, ఎంట్రీలు చూసి పెద్దవాళ్లు జంకుతున్నారని, రెండు మెట్రో లైన్లు కలిసేచోటని అమీర్‌పేటకి మార్చాం. శనివారం సాయంత్రం పెట్టి చూస్తే ఇంకా తగ్గారు. తెలుగు పోస్టర్లు అంటించాం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించాం. ఉచితం అనేసరికి ఏదో స్కీమ్ అనుకున్నారు. ఒక కిరాణా షాపాయన వచ్చి, ట్యాలీ (షాపు లెక్కల సాఫ్ట్‌వేర్) నడుస్తుందా అని అడిగారు. వైన్‌తో (విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ప్రయత్నించొచ్చు గానీ లెక్కల విషయంలో గ్యారంటీ ఇవ్వలేమన్నాం, ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ షాపులవాళ్లని అడగాలా, కాలనీ సంక్షేమ సంఘాలనా అని ఆలోచిస్తున్నాం. ఐటీతో సంబంధం లేని జనాన్ని ఇలాంటి మీటప్‌కి రప్పించినవాళ్లు ఉంటే చెప్పండి: మొదట ఎవరి ద్వారా వెళ్లారు?