తెలిసీ నోరు మూసుకున్న పెద్దల మీద కేసు పెట్టాలా, వద్దా?

చంద్రగిరి వకీలు:
వేదపాఠశాల, చర్చి హాస్టలు, మదరసా, ఆశ్రమం, పేరేదైనా కానీ పిల్లల్ని రాత్రిళ్లు ఉంచుకునే మతసంస్థల గురించి అడుగుతున్నా. లోపల పనిచేసేవాడు పిల్లల మీద అఘాయిత్యం చేస్తే వాడొక్కడి మీద కేసు పెట్టి ఊరుకోవడమేనా? పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం, సెక్షన్ 21(2) చదవండి. సంస్థ బాధ్యుడు తన కిందివాడి నేరం తెలిసీ చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. మామూలు మనిషి చెప్పకపోతే ఆరు నెలలే. పెద్దకు రెట్టింపు ఊరికే పెట్టలేదు. నా మాట ఒక్కటే: పీఠాధిపతి కానీ, బిషప్ కానీ, ట్రస్టు ఛైర్మన్ కానీ, తెలిసి దాచినవాడి పేరు ఛార్జిషీటులో ఉండి తీరాలి.

గోవిందభక్త:
వకీలు గారూ, పీఠాధిపతి హాస్టలు నడపరు సామీ. పూజ, పాఠం, యాత్రలు ఆయన పని. హాస్టలు మేనేజరు చూసుకుంటాడు. చట్టంలో తన అదుపులో ఉన్న కిందివాడు అనే కదా ఉంది. వంటవాడు పీఠాధిపతి అదుపులో ఉన్నట్టా?

నగరి కుర్రోడు:
24 గంటల్లో చెప్పకపోతే ఎవరైనా లోపలికే. దీంట్లో చర్చ ఏముంది?

చంద్రగిరి వకీలు:
ఆ 24 గంటలు పోలీసులకు తమ్ముడూ. ఫిర్యాదు అందాక బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకూ వాళ్లు తెలపాల్సిన గడువది. మనకైతే సెక్షన్ 19లో గంటల లెక్క లేదు, తెలిస్తే చెప్పాల్సిందే. జరగబోతోందన్న అనుమానం ఉన్నా చెప్పాలి.

భక్త గారూ, అదుపు ఎవరిదో కాగితాల్లో దొరుకుతుంది. ట్రస్టు డీడులో నియమించే, తీసేసే అధికారం ఎవరికి రాశారు? జీతం చెక్కు మీద సంతకం ఎవరిది? జీతంలేని సేవకుడైతే గది ఇమ్మని చెప్పిందెవరు? ఈ మూడూ మేనేజరు దగ్గరే ఆగితే మేనేజరు బాధ్యుడు. పైదాకా వెళ్తే పైవాడు. అయితే ఆయనకు తెలుసని రుజువు చెయ్యాలి, అది వేరే సంగతి. అందుకే తల్లిదండ్రులు నోటిమాటగా చెప్పి వచ్చేయకుండా రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

పలమనేరు జాన్:
హాస్టలు అనగానే అందరి కళ్లూ చర్చి మీదే. కానివ్వండి.

గోవిందభక్త:
జాన్ గారూ, మఠాలకు పడినన్ని నిందలు మీకు పడలేదులెండి. వకీలు గారూ, మూడు కాగితాలు అన్నారు. చాలా మఠాల్లో నియామక పత్రాలే ఉండవు. గురువు నోటిమాటే ఆజ్ఞ. అప్పుడేం చేస్తారు?

పుత్తూరు టీచరమ్మ:
నియామక పత్రం లేకపోవడమే అసలు లోపం కదండీ. పోక్సో నియమాలు 2020లో వచ్చాయి. పిల్లలతో రోజూ మసలే సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలని అందులో ఉంది. టీచర్లకు చేయిస్తారు. వంటవాళ్లు, వాచ్‌మన్, స్నానాల దగ్గర నీళ్లు తోడేవాడు, పండక్కొచ్చి నెల రోజులుండే సేవకులు... వీళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పిల్లలు బట్టలు మార్చుకునే చోట తిరిగేది వాళ్లే.

ఇంకొకటి చూడండి. ఒకచోట గొడవై పంపించేసినవాణ్ణి ఇంకో ఊరి శాఖలో పెడతారు. కొత్తచోట వాడి గురించి ఒక్క కాగితమూ ఉండదు. ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 దాకా రాయల్ కమిషన్ విచారణ జరిగితే, మళ్లీ మళ్లీ బయటపడింది ఈ బదిలీల సంగతే.

గోవిందభక్త:
ఆస్ట్రేలియా ఎందుకమ్మా, మన సంగతి చూద్దాం. ఆరోపణ వచ్చింది. ముందు లోపల నలుగురు పెద్దలు కూర్చుని విచారిస్తారు. నిజమని తేలాక పోలీసులకు ఇస్తారు. ఇందులో తప్పేముంది? అబద్ధమైతే ఒక మనిషి బతుకు పోతుంది.

పుత్తూరు టీచరమ్మ:
తప్పు అక్కడే ఉంది. నలుగురు పెద్దల ముందు పిల్లవాడు ఒకసారి చెప్తాడు, మేనేజరుకు ఇంకోసారి, నాన్న వచ్చాక మూడోసారి. ప్రతిసారీ ఏదో ఒక మాట మారుతుంది, కోర్టులో ఆ మార్పునే పట్టుకుంటారు. ఈలోగా దుప్పటి ఉతికేస్తారు. ఒంటి మీది నమూనాలు 72 గంటలు దాటితే దొరకడం కష్టం, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో 96 గంటల దాకానే తీసుకోమన్నారు. మీ విచారణ మూడు రోజులు నడిస్తే సాక్ష్యం పోయినట్టే. వాడు ఆ మూడు రోజులూ అదే వరండాలో తిరుగుతుంటాడు, పిల్లవాడు చూస్తుంటాడు.

పోలీసులకు చెప్తే పిల్లాణ్ణి స్టేషన్‌లో కూర్చోబెడతారన్న భయం వద్దు. సెక్షన్ 24 ప్రకారం ఇంటి దగ్గరో, పిల్లవాడు కోరిన చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి.

చంద్రగిరి వకీలు:
అబద్ధపు ఫిర్యాదు సంగతి. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదని 19(7)లోనే ఉంది. పగతో, డబ్బు గుంజడానికి కల్పించినవాడికే సెక్షన్ 22. నిజమా కాదా తేల్చే పని పెద్దలకు చట్టం ఇవ్వలేదు.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా హాస్టలు కేసులో పిల్లల్ని చూసిన డాక్టరు చెప్పలేదు. అతని మీది కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరస్థుణ్ణి కాపాడే ప్రయత్నమేననీ చెప్పింది.

పోలీసులు చేసే పొరపాటు ఒకటుంది. దాచిన నేరానికి శిక్ష ఏడాదే కాబట్టి కోర్టు విచారణకు తీసుకునే గడువూ ఏడాదే. తరవాత చూద్దామని విడిగా పెడితే కాలం చెల్లిపోతుంది. అసలు నేరంతో కలిపి ఒకే ఛార్జిషీటులో పెడితే పెద్ద నేరం లెక్కే దీనికీ వర్తిస్తుంది. తల్లిదండ్రుల తరఫు వకీళ్లు మొదటివారంలోనే ఇది అడగాలి.

గోవిందభక్త:
మీరంతా ఒకే పాట పాడుతున్నారు. ధర్మం కోసం వందల పిల్లలకు ఉచితంగా అన్నం పెట్టి చదువు చెప్పే చోటును దొంగల గుహలాగా మాట్లాడుతున్నారు. దేవుడి భయం ఉండాలండీ.

పుత్తూరు టీచరమ్మ:
దేవుడి భయం ఉన్నవాళ్లు ముందు పిల్లవాడి దగ్గరికి వెళ్తారు. మఠం పరువు దగ్గరికి కాదు.

గోవిందభక్త:
పరువు కాదమ్మా! ఒక్క కేసు చాలు, దేవాదాయ శాఖ లోపలికొస్తుంది. 1987 చట్టంతో గుళ్ల ఆదాయం మీద కూర్చున్నారు. రేపు పిల్లల పేరు చెప్పి పాఠశాల గదుల్లో ఈవో కూర్చుంటాడు. ఏ మంత్రం చెప్పాలో ఆయన చెప్తాడు. నా భయం అదీ. ఇన్నాళ్లూ అది చెప్పలేక పీఠాధిపతి పూజ గురించి మాట్లాడాను.

చంద్రగిరి వకీలు:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీ భయం కొట్టిపారేసేది కాదు. కానీ పోక్సో ఆస్తినీ, పూజనూ తాకదు. ఫిర్యాదు పోలీసులకు, పిల్లవాడి సంరక్షణ బాలల సంక్షేమ సమితికి. దేవాదాయ శాఖకు అందులో పాత్ర లేదు. హుండీ లెక్క చూసేవాళ్లకూ పిల్లల పడకగదికీ సంబంధం పెట్టమని నేనూ అడగను.

గోవిందభక్త:
మరి బాలల న్యాయ చట్టం కింద రిజిస్టర్ చెయ్యమంటారు కదా? మా పిల్లలకు అమ్మానాన్నలున్నారు. అనాథలు కారు.

చంద్రగిరి వకీలు:
సెక్షన్ 41 రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచే సంస్థలకు. అమ్మానాన్నలు చదువుకు చేర్పించిన పాఠశాలకు అది వర్తించదని వాదించే చోటుంది, ఒప్పుకుంటా. అనాథల్లో ఒక్కరిని చేర్చుకున్నా ఆ వాదన బలహీనపడుతుంది, రిజిస్టర్ కాకపోతే సెక్షన్ 42 కింద ఏడాది దాకా జైలో, లక్షకు తగ్గని జరిమానానో, రెండూనో. సెక్షన్ 75 మాత్రం హాస్టలా, ఆశ్రమమా అని అడగదు. పిల్లవాణ్ణి చేతిలో పెట్టుకుని నిర్లక్ష్యం చేస్తే మూడేళ్లు, సంరక్షణకు అప్పగించిన సంస్థను నడిపేవాడైతే ఐదేళ్ల దాకా.

పలమనేరు జాన్:
రిజిస్టరైనా అవకపోయినా, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్ల పడకగది గోడ మీద రాయించండి. ఆఫీసు గోడ మీద కాదు. ఫోను వార్డెన్ టేబుల్ మీద ఉంటే ఎవరు చేస్తారు?

గోవిందభక్త:
ఫిర్యాదు వెంటనే ఇవ్వాలన్నది సరే, ఇక వాదించను. రిజిస్ట్రేషన్‌కు మాత్రం ఒప్పుకోను. పోలీసు వెరిఫికేషన్ సేవకులకు కూడా కావాలంటే ఎవరికి దరఖాస్తు పెట్టాలి, చెప్పండి టీచరమ్మా.

పుత్తూరు టీచరమ్మ:
ఆ మనిషి సొంతూరు పోలీస్ స్టేషన్‌కు మీ సంస్థ లెటర్‌హెడ్ మీద, ఆధార్ నకలు, ఫోటో జతచేసి రాయండి. అంతకుముందు పనిచేసిన చోటు నుంచి ఎందుకు మానేశాడో రాతపూర్వకంగా తెప్పించుకోండి. రెండూ వచ్చేదాకా రాత్రి బస పిల్లలున్న కట్టడంలో ఇవ్వకండి.