మెసీన్ గుట్ట కింది సొరంగాలను జర్మన్లు ఎందుకు పసిగట్టలేకపోయారు?

ప్రశ్న:
మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జూన్ 7 తెల్లవారుజామున 3:10 గంటలకు బెల్జియంలోని మెసీన్ గుట్ట కింద బ్రిటిష్ సైన్యం 19 భారీ మందుపాతరలను పేల్చిందనీ, వాటిలో కొన్నింటిని దాదాపు ఏడాది ముందే సిద్ధం చేసి ఉంచిందనీ చదివాను. జర్మన్లు కూడా అక్కడే సొరంగాలు తవ్వుతూ, అవతలి చప్పుళ్లను చెవి పెట్టి వింటూ ఉండగా ఈ పని ఎలా సాగిందో తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
ముఖ్య కారణం లోతు. అక్కడ పైన నీరూరే ఇసుక, దాని అడుగున నీలి బంకమట్టి ఉంటాయి. తడి ఇసుకలో బావి దింపితే గోడలు కూలిపోతాయి కనుక, బ్రిటిష్‌వారు ఉక్కు గొట్టాలు దించి ఆ పొరను దాటి బంకమట్టిని చేరుకున్నారు. ఇక తవ్వే పద్ధతి చూడండి: మాంచెస్టర్ మురుగు కాలువల పనివారు కొయ్య ఆసరాకు వీపు ఆనించి, పారను కాళ్లతో తన్ని మట్టిలోకి దించేవారు. పలుగు దెబ్బల మోత లేని ఈ పద్ధతిని సైన్యంలోకి తెచ్చినవాడు జాన్ నార్టన్-గ్రిఫిత్స్ అనే బ్రిటిష్ నిర్మాణ గుత్తేదారు.

రెండో జవాబు:
పై వివరణతో ఏకీభవిస్తున్నాను, కానీ జర్మన్లకు ఏమీ తెలియలేదనడం సరికాదు. ఆ గుట్ట ప్రాంతంలోనే లా పెతీత్ దూవ్ అనే చోట బ్రిటిష్‌వారు తవ్విన సొరంగాన్ని వారు 1916 ఆగస్టులో కనిపెట్టి, పక్కనుంచి చిన్న మందుపాతర పేల్చి పాడుచేశారు. అందుకే తవ్విన నీలి మట్టిని విమానాల కంట పడకుండా దాచడం తవ్వకమంత ముఖ్యమైంది; ఆ రంగు కనిపిస్తే లోతు తెలిసిపోతుంది. పేలుడు తరువాత మిగిలే కార్బన్ మోనాక్సైడ్ కూడా ప్రాణాంతకమే, దాన్ని గుర్తించడానికి కానరీ పిట్టలను, ఎలుకలను వెంట తీసుకువెళ్లేవారు. ఆ మనుషుల ఓర్పు గురించి యుద్ధ చరిత్రల్లో ఇంకా ఎక్కువగా రాయవలసి ఉందని నా అభిప్రాయం.

మూడో జవాబు:
ఈ కథకు మన దేశంతోనూ సంబంధం ఉంది. 1914 డిసెంబరు 20న ఫ్రాన్స్‌లోని ఫెస్టుబెర్ వద్ద భారత సైన్యపు సర్‌హింద్ బ్రిగేడు కందకాల కింద జర్మన్లు పది మందుపాతరలు పేల్చి, వెంటనే దాడి చేశారు. నేల కింద ఎదురు నిలిచే ఏర్పాటు అప్పటికి బ్రిటిష్ సైన్యంలో సరిగా లేదు. ఆ దెబ్బ తరువాతే, 1915 ఫిబ్రవరిలో, ప్రత్యేక సొరంగ దళాల ఏర్పాటు మొదలైంది.