జడలో మల్లెపూలు, వెనక నీలాకాశం: బ్లూ ఛానెల్‌లో జుట్టు వస్తోంది, పూలు మాయమవుతున్నాయి

వడపళని_ఆల్బమ్స్:

అందరికీ నమస్కారం. చెన్నై బెసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌లో సాయంత్రం తీసిన పెళ్లికూతురి ఫొటో. వెనక సముద్రం, పైన లేత నీలం ఆకాశం. మెరూన్ కంచిపట్టు చీర, పెద్ద జరీ అంచు, జడ నిండా మల్లెపూలు. సముద్రపు గాలికి ముంగురులన్నీ ఎగిరి ఉన్నాయి. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి సంధ్యవేళ గోపురం పెట్టాలి. 12×36 అంగుళాల కరిజ్మా (పెళ్లి ఆల్బమ్) షీట్‌లో ఒక పేజీ మొత్తం ఈ ఫొటోనే, కాబట్టి తప్పుంటే దాగదు.

ఫొటోషాప్‌లో మాస్క్ (తెల్లగా ఉన్నచోట ఫొటో కనపడుతుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది) కోసం బ్లూ ఛానెల్‌ని (నీలం ఎక్కడ ఎంతుందో చూపే నలుపు తెలుపు బొమ్మ) డూప్లికేట్ చేసి, ఇన్వర్ట్ చేసి (నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిప్పి), లెవెల్స్ (నలుపు, తెలుపు హద్దులు జరిపే స్లైడర్లు) లాగాను. జుట్టు బాగానే వచ్చింది కానీ పూల దగ్గర నల్లటి చిల్లులు పడుతున్నాయి. లోపలి పూలని బ్రష్‌తో తెల్లగా నింపుకోవచ్చు. జడ దాటి ఆకాశంలోకి పొడుచుకొచ్చిన రేకుల సంగతే తెలియడం లేదు, అక్కడ అంచే కనపడదు. లెవెల్స్ ఇంకా గట్టిగా లాగితే ముంగురులు తెగిపోతున్నాయి.

ఇన్ఫో ప్యానెల్‌లో చూసిన విలువలు (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు; రంగు కొలిచే ఐడ్రాపర్ 5 బై 5 యావరేజ్‌లో పెట్టి):
ఆకాశం – రెడ్ 150, గ్రీన్ 185, బ్లూ 222
జుట్టు – 48, 36, 33
మల్లెపూవు – 240, 236, 222
చర్మం – 176, 122, 92
చీర – 150, 25, 45

ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మాస్క్‌మేస్త్రి:

మీ ప్రశ్నకి జవాబు మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. బ్లూలో ఆకాశం 222, పూవు కూడా 222. రెండూ ఒకే బూడిద రంగు, కాబట్టి లెవెల్స్ ఎంత లాగినా వేరు కావు. అదే రెడ్‌లో చూడండి: ఆకాశం 150, పూవు 240. మధ్యలో 90 తేడా ఉంది. అంటే జుట్టుకి బ్లూ, పూలకి రెడ్. మొత్తం బొమ్మకి ఒకే ఛానెల్ వెతుక్కోవడం వల్లే ఈ తిప్పలన్నీ. అంచు ఎక్కడెక్కడ మారుతుందో అక్కడక్కడ ఛానెల్ కూడా మారాలి.

రెడ్ ఒక్కదానితోనే కానిచ్చేద్దామన్నా కుదరదు. చీర 150, ఆకాశం 150, చీర మొత్తం ఆకాశంలో కలిసిపోతుంది. చర్మం 176, అదీ అంతంతమాత్రమే.

ముందు జుట్టు. కంట్రోల్ + 3, 4, 5 నొక్కుతూ మూడు ఛానెళ్లూ చూడండి, కంట్రోల్ + 2 నొక్కితే మళ్లీ రంగుల్లోకి వస్తారు. బ్లూని కింద ఉన్న కొత్త ఛానెల్ గుర్తు మీదకి లాగి కాపీ చేసుకోండి. అసలు బ్లూ మీద లెవెల్స్ వేస్తే ఫొటో రంగే మారిపోతుంది, అది మాత్రం చేయొద్దు. కాపీ మీద కంట్రోల్ + ఐ, అంటే ఇన్వర్ట్; ప్రతి అంకెనీ 255లోంచి తీసేస్తుంది. ఇప్పుడు జుట్టు 222, ఆకాశం 33.

లెవెల్స్‌లో నలుపు స్లైడర్ 60, తెలుపు స్లైడర్ 195, మధ్యది 1.00 దగ్గరే వదిలేయండి. ఈ అంకెలు ఎందుకో చెబుతాను, మీ ముంగురులు తెగిపోయేది ఇక్కడే. సగం జుట్టు, సగం ఆకాశం పడిన పిక్సెల్ ఇన్వర్ట్ అయ్యాక సుమారు 127 ఉంటుంది. 60–195 మధ్య 127 అంటే దాదాపు 50 శాతం. సగం వెంట్రుకకి సగం మాస్క్, లెక్క సరిపోయింది. మీరు నలుపుని 110కి తెచ్చారనుకోండి, అదే పిక్సెల్ 20 శాతానికి పడిపోతుంది. పావు వంతే జుట్టున్న పిక్సెల్ (సుమారు 80) పూర్తిగా నల్లబడి పోతుంది. సన్నటి ముంగురుల్లో ఉండేవి ఎక్కువగా ఇలాంటి పిక్సెళ్లే. అందుకే రెండు స్లైడర్లనీ ఆకాశం విలువ నుంచీ జుట్టు విలువ నుంచీ ఒకే దూరం లోపలికి జరపాలి. ఇక్కడ రెండు వైపులా 27 చొప్పున జరిపాం.

ఆకాశం అంతటా ఒకేలా ఉండదు కాబట్టి అక్కడక్కడ మురికి బూడిద మిగులుతుంది. దానికోసం మళ్లీ లెవెల్స్ జోలికి పోకండి. బర్న్ టూల్‌ని (నల్లబరిచేది) షాడోస్‌లో పెట్టి, ఎక్స్‌పోజర్ 10–15 శాతంతో ఆ చోటు మీద మాత్రమే తిప్పండి. లేదా నల్ల బ్రష్, ఓవర్‌లే మోడ్, ఒపాసిటీ 15. ఓవర్‌లేలో తెలుపు తెలుపుగానే ఉంటుంది, మధ్య బూడిద మాత్రం దిగుతుంది. ముంగురుల మొదళ్లు పలచబడితే డాడ్జ్‌ని (తెల్లబరిచేది) హైలైట్స్‌లో పెట్టి అంతే తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒకటి రెండు సార్లు.

ఇక పూలు. రెడ్‌ని కాపీ చేయండి, దీన్ని ఇన్వర్ట్ చేయక్కర్లేదు, పూవు ఎలాగూ తెల్లగానే ఉంది. లెవెల్స్ 165, 225. తర్వాత పూల చుట్టూ లాసోతో (చేత్తో చుట్టి సెలెక్ట్ చేసే టూల్) వదులుగా ఒక గీత గీసి, సెలెక్షన్ ఇన్వర్స్ చేసి, మిగతాదంతా నలుపుతో నింపేయండి. లేకపోతే ముఖం మీద వెలుగు, జరీ మెరుపు అన్నీ ఇందులోకి వచ్చి కూర్చుంటాయి.

చివరికి రెండు ఛానెళ్లనీ కలపడానికి ఇమేజ్ మెనూలో కాలిక్యులేషన్స్. సోర్స్ 1 బ్లూ కాపీ, సోర్స్ 2 రెడ్ కాపీ, బ్లెండింగ్ లైటెన్ (రెండిట్లో ఏది తెల్లగా ఉంటే అది మిగులుతుంది), ఒపాసిటీ 100, రిజల్ట్ న్యూ ఛానెల్. వచ్చిన ఛానెల్‌లో పూవుకీ జుట్టుకీ మధ్య సన్నటి బూడిద గీత ఉంటుంది. లైటెన్ బదులు స్క్రీన్ వేసినా అది పోదు. ఎందుకంటే సగం పూవు, సగం జుట్టు ఉన్న పిక్సెల్ రెడ్ కాపీలో నలుపే. అది లోపలి సంగతి కాబట్టి గట్టి అంచున్న తెల్ల బ్రష్‌తో పూసేయండి. ముఖం, చీర, జరీ కూడా అంతే, లాసోతో అంచుకి కాస్త లోపలగా చుట్టి తెలుపు నింపేయడమే.

కంట్రోల్ నొక్కి ఆ ఛానెల్ బొమ్మ మీద క్లిక్ చేస్తే సెలెక్షన్ వస్తుంది, లేయర్ మీదకి వచ్చి మాస్క్ గుర్తు నొక్కండి. చీమల బారు (సెలెక్షన్ చుట్టూ కదిలే చుక్కల గీత) ముంగురుల దాకా పోలేదని కంగారు పడొద్దు. సగానికి మించి సెలెక్ట్ అయిన పిక్సెళ్ల చుట్టూ మాత్రమే అది కనపడుతుంది. మిగతావీ సెలెక్షన్‌లో ఉంటాయి.

గిండీ_గ్రాఫిక్స్:

ఇంత కష్టం ఎందుకండీ? సెలెక్ట్ సబ్జెక్ట్ (మనిషిని తనే గుర్తించి సెలెక్ట్ చేసే కమాండ్) నొక్కితే ఒక్క క్లిక్‌లో అయిపోతుందిగా.

మాస్క్‌మేస్త్రి:

ఒంటికి, చీరకి నిస్సందేహంగా అదే వాడండి, నేనూ కాదనను. లాసోతో చుట్టమన్న పనంతా అది చేసిపెడుతుంది. విడివిడిగా ఎగిరే వెంట్రుకల దగ్గర మాత్రం అది ఊహించి గీస్తుంది, ఛానెల్‌లో ఉన్నది అసలు వెంట్రుక. ఫోన్ తెర మీద చూసే బొమ్మకి తేడా తెలియదు. 12 అంగుళాల ఎత్తున ప్రింట్ వేస్తే తెలుస్తుంది. సెలెక్ట్ సబ్జెక్ట్ ఫలితాన్ని ఒక ఆల్ఫా ఛానెల్‌గా (సెలెక్షన్‌ని దాచుకునే అదనపు ఛానెల్) సేవ్ చేసి, 4–5 పిక్సెళ్లు కాంట్రాక్ట్ చేసి (లోపలికి కుదించి), దాన్ని కూడా లైటెన్‌తో కలిపేస్తే లోపలి భాగం నిండిపోతుంది.

అడయార్_రా_ఫైల్:

ఒక సంగతి ఎవరూ అడగలేదు. అది రా ఫైలా (కెమెరా సెన్సర్ నుంచి వచ్చింది వచ్చినట్టు దాచిన ఫైల్), జేపీజీనా? జేపీజీ అయితే మేస్త్రి గారు చెప్పిన బ్లూ పద్ధతి నడుస్తుంది కానీ ముంగురుల పక్కన చదరంగం గళ్లలా మచ్చలు వస్తాయి.

కారణం ఇది. జేపీజీ రంగుల్ని రెడ్, గ్రీన్, బ్లూగా దాచదు. వెలుగుని ఒకటిగా, రంగు తేడాల్ని రెండుగా విడదీసి దాస్తుంది. చాలా ఫైళ్లలో ఆ రంగు తేడాలని అడ్డంగా, నిలువుగా సగానికి కుదిస్తుంది, పైగా అన్నిటినీ 8×8 గళ్లుగా నొక్కుతుంది. తెరిచేటప్పుడు బ్లూని తిరిగి లెక్కకట్టడానికి ఆ నీలపు తేడాని 1.772తో గుణిస్తారు. అందులోని తప్పు కూడా అంతే పెరుగుతుంది. గ్రీన్ లెక్కలో ఆ తేడా వాటా 0.344 మాత్రమే, ఎర్ర తేడా వాటా 0.714. అందుకే గ్రీన్ అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది, బ్లూ అన్నిటికంటే మురికిగా ఉంటుంది. కెమెరా సెన్సర్‌లో కూడా నాలుగు చుక్కల్లో రెండు పచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కాబట్టి రా తీసినా బ్లూలో కాస్త రవ్వ (నాయిస్) ఎక్కువే.

ఫైల్ జేపీజీ ఒక్కటే ఉంటే కాలిక్యులేషన్స్‌లో బ్లూ, గ్రీన్ రెండూ తీసుకుని, బ్లెండింగ్ నార్మల్, ఒపాసిటీ 50తో కొత్త ఛానెల్ చేయండి. ఈ అంకెలకి ఆకాశం సుమారు 203, జుట్టు 34 వస్తాయి. ఒక్క బ్లూలో 189 ఉన్న తేడా 169కి తగ్గుతుంది, ఆ నష్టం పెద్ద లెక్కలోది కాదు, గళ్లు మాత్రం బాగా అణుగుతాయి. తర్వాత ఇన్వర్ట్, లెవెల్స్ 75, 195 దగ్గర మొదలుపెట్టండి.

రా ఉంటే మాస్క్ కోసం విడిగా ఒక కాపీ తెరవండి: 16 బిట్, షార్పెనింగ్ సున్నా, క్లారిటీ సున్నా. షార్పెనింగ్ ఉంటే ప్రతి వెంట్రుక చుట్టూ తెల్లటి గీత పుడుతుంది, ఆ గీతే మాస్క్‌లోకి ఎక్కుతుంది. మాస్క్ తయారయ్యాక మామూలు కాపీలోకి పంపుకోవచ్చు. ఛానెల్ మీద కుడి క్లిక్, డూప్లికేట్ ఛానెల్, డెస్టినేషన్‌లో రెండో ఫైల్. రెండిటి పిక్సెల్ కొలతలు ఒకటే ఉండాలి, లేకపోతే ఆ ఫైల్ పేరు జాబితాలోనే కనపడదు.

వడపళని_ఆల్బమ్స్:

మేస్త్రి అన్నా, రెడ్ కాపీతో రేకులు ఒక్కొక్కటీ విడిగా వచ్చాయి! నాది రా ఫైలే, షార్పెనింగ్ తీసేసి మళ్లీ చేశాను. ఇంకో రెండు సమస్యలు మిగిలాయి. ఒకటి, కొత్త సంధ్యవేళ బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే ముంగురుల వెంట నీలం మెరుపు కనపడుతోంది. కలర్ మోడ్‌లో గోధుమ రంగు పూశాను, నీలం పోయింది గానీ మెరుపు అలాగే ఉంది. రెండు, చీర కుచ్చిళ్ల దగ్గర వెనక ఇసుక ఉంది, మడతల నీడల్లో మాస్క్ అంచు ఎగుడుదిగుడుగా వస్తోంది.

మాస్క్‌మేస్త్రి:

మొదటిది: మాస్క్ చెప్పేది ఆ పిక్సెల్ ఎంత కనపడాలో మాత్రమే. దాని రంగులో సగం ఇంకా పాత ఆకాశమే. కలర్ మోడ్ రంగుని మారుస్తుంది, వెలుగుని ముట్టదు. ఆకాశపు వెలుగు అక్కడే ఉంది కాబట్టి మెరుపూ ఉంటుంది. పైన కొత్త లేయర్ వేసి, కంట్రోల్ + ఆల్ట్ + జీతో కింది లేయర్‌కి క్లిప్ చేయండి (కింది లేయర్ కనపడే చోటే ఇదీ కనపడుతుంది), మోడ్ నార్మల్. ఆల్ట్ నొక్కి జడ లోపలి నుంచి జుట్టు రంగు తీసుకుని, మెత్తటి బ్రష్‌తో ముంగురులున్న చోటంతా నిండుగా పూయండి. కంగారేం లేదు, మాస్క్ ఎంత చూపిస్తే అంతే బయటికొస్తుంది, ఇప్పుడు అది అచ్చమైన జుట్టు రంగు. నుదుటి దగ్గర, చెవి దగ్గర, జడ చివర మూడు వేర్వేరు చోట్ల నుంచి రంగు తీసుకోండి, ఒకే రంగు పూస్తే సవరం అతికించినట్టు ఉంటుంది. పూల రేకులకి పూవు రంగు, అదే లేయర్‌లో.

రెండోది: అక్కడ వెలుగునీడల మీద ఆధారపడే ఛానెల్ ఏదీ పనికిరాదు. ఫైల్‌ని డూప్లికేట్ చేసి ఇమేజ్ మెనూలో మోడ్ ల్యాబ్‌కి (వెలుగునీ రంగునీ విడదీసి చూపే కలర్ మోడ్) మార్చండి. అందులో ‘ఎ’ ఛానెల్ ఆకుపచ్చకీ మెజెంటాకీ మధ్య తేడాని చూపిస్తుంది, వెలుగు విడిగా ‘ఎల్’లో ఉండిపోతుంది. మెరూన్ మడత నీడలో ఉన్నా ‘ఎ’లో తెలుపు వైపే ఉంటుంది, ఇసుక మధ్య బూడిద దగ్గరే. చూడ్డానికి మొదట అంతా బూడిదగా కనపడుతుంది, లెవెల్స్ వేస్తే విచ్చుకుంటుంది. జరీ అంచు మాత్రం ఇందులో రాదు, బంగారు రంగూ ఇసుకా ఇక్కడ దగ్గరి చుట్టాలు. దానికి పెన్ టూలే గతి. జరీ అంచు నిటారుగా ఉంటుంది కాబట్టి పది పాయింట్లు సరిపోతాయి.

అడయార్_రా_ఫైల్:

ఇది సాయంత్రం ఫొటో కాబట్టి ఈ మాత్రం సులువైంది. మన చెన్నైలో సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సముద్రం వైపు తిప్పి తీస్తే ఎండ ముందు నుంచి పడుతుంది, జుట్టు నల్లగా, ఆకాశం నీలంగా. పొద్దున్నే అదే చోట తీస్తే సూర్యుడు వెనక ఉంటాడు, ముంగురులు బంగారు తీగల్లా వెలుగుతాయి. అలాంటి వెంట్రుక 250, 215, 150 ఉందనుకోండి, మేస్త్రి గారి బ్లూ లెవెల్స్‌లో దానికి మూడో వంతు మాస్కే దక్కుతుంది. వెనక నిజంగా నీలం ఉంటే వాటిని పూలతో పాటు రెడ్ కాపీలో పట్టుకోవచ్చు. సూర్యుడి చుట్టూ ఉన్న వెచ్చని వెలుగు మీద పడిన ముంగురులకి ఏ ఛానెలూ పనిచేయదు. వాటిని వదిలేసి, తర్వాత 2 పిక్సెళ్ల బ్రష్‌తో నాలుగు వెంట్రుకలు గీయడమే మేలు.

గింప్_గూటి:

ఫొటోషాప్ బదులు గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి: లెక్కలన్నీ ఇవే, దారి వేరు. ఛానెల్స్ డైలాగ్‌లో బ్లూ మీద కుడి క్లిక్, డూప్లికేట్ ఛానెల్. కాపీ మీద కలర్స్ మెనూలోంచి ఇన్వర్ట్, లెవెల్స్. కింద లీనియర్ ఇన్వర్ట్ అని ఇంకొకటి ఉంటుంది, అది కాదు, దానితో ఈ అంకెలు కుదరవు. పని అయ్యాక లేయర్ మెనూలో యాడ్ లేయర్ మాస్క్, అందులో ఛానెల్ అన్న ఎంపిక, పక్కన మీ ఛానెల్ పేరు. ల్యాబ్ కావాలంటే కలర్స్, కాంపొనెంట్స్, డీకంపోజ్. ఎక్కువమంది బోల్తా పడేది ఒక్క చోట: ఛానెల్ మీద పని ముగించి, లేయర్స్ డైలాగ్‌లో లేయర్ మీద క్లిక్ చేయడం మర్చిపోతారు. ఆ తర్వాత పూసిందంతా ఛానెల్ మీదకే పోతుంది, బొమ్మ మీద ఏమీ పడటం లేదని బ్రష్‌ని తిడతారు.

వడపళని_ఆల్బమ్స్:

నార్మల్ మోడ్‌తో మెరుపు పూర్తిగా పోయింది. ‘ఎ’ ఛానెల్‌తో కుచ్చిళ్లు కూడా వచ్చేశాయి. ఈ ఛానెళ్లన్నీ ఉంచాలా, తీసేయాలా? ఫైల్ బరువెక్కింది.

మాస్క్‌మేస్త్రి:

చివరి మాస్క్ ఛానెల్ ఒకటీ, రెడ్ కాపీ ఒకటీ ఉంచండి. కస్టమర్ పూలు ఇంకాస్త తెల్లగా కావాలంటే ఆ రెడ్ కాపీయే సెలెక్షన్‌గా పనికొస్తుంది. మిగతావి తీసేయండి. 24 మెగాపిక్సెల్ ఫొటోలో 8 బిట్ ఛానెల్ ఒక్కోటి సుమారు 24 ఎంబీ మెమరీ తింటుంది, 16 బిట్ అయితే రెట్టింపు. సేవ్ చేసేది పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫైల్) లేదా టిఫ్‌గా చేయండి, టిఫ్ అయితే ఆల్ఫా ఛానెల్స్ దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోండి. ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపే జేపీజీలో ఇవేవీ ఉండవు కాబట్టి, ఆ జేపీజీ పంపాక పీఎస్‌డీని డిలీట్ చేయకండి.