చేపల చెరువులో ప్రోబయాటిక్ (మేలు చేసే బాక్టీరియా) చల్లినా అమ్మోనియా దిగట్లేదు, డోసు పెంచాలా?
(రైతుల చర్చ; ‘గట్టుమీద’, ‘నీటిపరీక్ష’ జవాబిచ్చేవారి మారుపేర్లు)

కైకలూరు రైతు:
5 ఎకరాల చెరువు, 5 అడుగుల నీరు. శీలావతి, బొచ్చె చేపలు. మేత డీఓబీ (నూనె తీసిన తౌడు), చిల్లుల సంచుల్లో పోసి చెరువులో కడుతున్నాం. ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) లేవు. పరీక్ష కిట్‌లో అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాము). పీహెచ్ పొద్దున 7.8, సాయంత్రం 9. ఎకరానికి 250 గ్రాముల బాసిల్లస్ (ప్రోబయాటిక్ బాక్టీరియా) పౌడరు, 2 కిలోల బెల్లం కలిపి వారానికోసారి చొప్పున మూడుసార్లు చల్లాం. తేడా లేదండి.

గట్టుమీద:
ముందు లెక్క చూడండి. ఎకరంలో 5 అడుగుల నీరంటే 60 లక్షల లీటర్ల పైమాటే. అందులో 1 పీపీఎం అంటే 6 కిలోల అమ్మోనియా నత్రజని. బాసిల్లస్ లాంటివి దాన్ని ఒంటికి పట్టించుకోవాలంటే గ్రాముకి 15-20 గ్రాముల పిండిపదార్థం కావాలి. అంటే ఎకరానికి వంద కిలోల బెల్లం! మీ 2 కిలోలు ఏ మూలకి? అలాగని వంద కిలోలూ పోసేయకండి. ఏరేటర్ లేని చెరువులో బాక్టీరియా ఆక్సిజనంతా లాగేసి, తెల్లారేసరికి చేప పైకి తేలుతుంది.

నీటిపరీక్ష:
పై లెక్క సరే. అసలు అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చేవి నైట్రోసోమోనాస్, ఆ తర్వాత నైట్రోబాక్టర్ రకాల బాక్టీరియా. ఇవి బాసిల్లస్‌లా ఎండినా బతికే బీజాలు (స్పోర్లు) కట్టవు, కాబట్టి పొడి ప్యాకెట్ మీద రాసున్నా నమ్మను. పెరుగుదల కూడా నెమ్మది, వారాలు పడుతుంది. గ్రాము నత్రజనికి 4.57 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి గుణం) తింటాయి. ఆల్కలినిటీ తక్కువుంటే డోలమైట్ (ఒక రకం సున్నపురాయి పొడి) వేయండి. కాల్చిన సున్నం మాత్రం ఇప్పుడొద్దు, పీహెచ్ ఇంకా పెంచేస్తుంది: నీరు 30 డిగ్రీలుంటే, పీహెచ్ 8 దగ్గర అమ్మోనియాలో విషభాగం సుమారు 7 శాతం, 9 దగ్గర 45 దాకా. మీకు సాయంత్రమే ప్రమాదం.

గట్టుమీద:
ఇంకోటి. పౌడరు నేరుగా చల్లారా? బీజం మేలుకోవాలి. చెరువు నీళ్లలో బెల్లంతో కలిపి, గాలి మోటారు పెట్టి రాత్రంతా ఉంచండి. పులిసిన వాసన వస్తే సరే, కుళ్లిన గుడ్డు వాసనొస్తే పారబోయండి. ఎండ కాసే రోజు, 10 గంటలప్పుడు చల్లండి. మబ్బు రోజున వద్దు. బీకేసీ, అయోడిన్ లాంటి క్రిమిసంహారకాలు వేస్తే మూడు రోజులాగండి, లేకపోతే చల్లినవన్నీ చస్తాయి.

కైకలూరు రైతు:
మరి ఇప్పుడు వెంటనే ఏం చేయాలి?

నీటిపరీక్ష:
మేత సగం చేయండి, దొరికితే కొంత నీరు మార్చండి. 100 కిలోల డీఓబీలో రెండున్నర కిలోల నత్రజని ఉంటుంది, ఎక్కువ భాగం నీళ్లలోకే. సాయంత్రం పూట ఓ నాలుగు మేత సంచులు విప్పి చూడండి. అడుగున తడితౌడు ముద్దగా మిగిలుంటే, మీ అమ్మోనియా అక్కడే ఉంది.